చెంబు మీద పేరు

మా మనవరాలు పుట్టి పద్దెనిమిది రోజులైంది. ఆసుపత్రిలో చేతికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ మీద ‘బేబీ ఆఫ్’ అని, పక్కన మా అమ్మాయి పేరు రాశారు. పట్టీ కత్తిరించేసి పది రోజులు దాటినా పిల్ల ఇంకా ఆ ‘ఆఫ్’ దగ్గరే ఉంది. ఆరో రోజున ఛఠ్ఠీ అయింది. వియ్యాలవారు ఛత్తీస్‌గఢీలు. వాళ్ళ పద్ధతిలో మూలికలు వేసి కాంకే పానీ కాచి, వచ్చినవాళ్ళందరికీ గ్లాసుల్లో పోశారు. ఇరవై ఒకటో రోజున మా పద్ధతిలో బారసాల. ఇత్తడి పళ్ళెం తోమి పెట్టాం, బియ్యం ఉన్నాయి, రాయడానికి ఉంగరం ఉంది. రాయాల్సిన పేరు దగ్గరే తగువొచ్చింది.

సింహాచలం అని పెడతానంటోంది మా అమ్మాయి. మా అమ్మ పేరది.

ఉత్తరాంధ్ర బయటివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మా వైపు సింహాచలం కొండ పేరూ, మనిషి పేరూ కూడా. ఆడవాళ్ళకీ ఉంటుంది, మగవాళ్ళకీ ఉంటుంది. కొండ మీది వరాహ లక్ష్మీనరసింహస్వామిని మేం అప్పన్న అంటాం. ఆ అప్పన్నలోంచి వచ్చినవాళ్ళే అప్పలస్వాములు, అప్పలనాయుళ్ళు, అప్పలరాజులు, అప్పలమ్మలు, అప్పలనర్సమ్మలు. విజయనగరం దాటితే పైడితల్లి అమ్మవారి వంతు: పైడిరాజు, పైడమ్మ. వీధి మొదట్లో నిలబడి “అప్పలా” అని కేకేస్తే ఆరు గుమ్మాల్లోంచి “ఓయ్” అనే ఊళ్ళుండేవి. ఇప్పుడు ఆ గుమ్మాల్లో హన్వికలు, తన్వికలు, కృత్వికలు తిరుగుతున్నారు. అర్థమేమిటమ్మా అంటే ఫోను తీసి వెతికి చెబుతారు.

మొదట అడ్డుపడింది మా ఆవిడ. పేరు పాతదని కాదు ఆవిడ బాధ. “అత్త పేరు నోటితో ఎలా అంటానండీ? రేపు పిల్ల అల్లరి చేస్తే ఏమని తిట్టను?” అంది. నవ్వాను గానీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మా ఇళ్ళలో కోడలు అత్తమామల పేర్లు పలకదు. అందుకే పెద్దల పేరు పెట్టుకున్న పిల్లలకి రెండో పేరొకటి తప్పనిసరిగా పుట్టేది: బుల్లెమ్మ, చిన్నమ్మడు, మామ్మ. అసలు పేరు దేవుడి గూట్లో పెట్టేసి, వాడుక పేరుతో సంసారం నడిపేవారు.

వియ్యపురాలు “ఏ కా నావ్ హవయ్?” అంది. ఇదేం పేరు అని. హిమాచల్, అరుణాచల్ లాగా ఏదో రాష్ట్రమనుకుంది పాపం. కొండ పేరని అల్లుడు చెప్పాడు. గంగ, యమున అని పెట్టుకుంటాం కదా, కొండ ఏం పాపం చేసిందని మా అమ్మాయి. దానికి వియ్యపురాలు నిదానంగా, తన నాన్నమ్మ పేరు దుకల్హిన్ అని చెప్పింది. దుకాల్ అంటే కరువు. కరువులో పుట్టింది కాబట్టి దుకల్హిన్. “ఆ పేరు పెట్టమని నేనేమైనా అడుగుతున్నానా?” అంది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ మాటలో న్యాయం ఉంది.

పంతులుగారు ఫోనులో చిత్తా నక్షత్రం, ‘పే, పో, రా, రీ’ అన్నారు. “అయితే పోలమ్మ” అంది మా అమ్మాయి. ఆ తర్వాత నక్షత్రం ఊసు ఎవరూ ఎత్తలేదు.

నేను మాత్రం వియ్యపురాలి కరువు దగ్గరే ఆగిపోయాను. పుట్టిన వేళని బట్టో, వచ్చిన గండాన్ని బట్టో పేరు పెట్టడం రెండు వైపులా ఉంది. మా వైపు పిల్లలు వరసగా పోతుంటే, తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద ఓ క్షణం పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అనేవారు. ఎంగిలి విస్తళ్ళలో దొర్లించి పుల్లయ్య అనేవారు. ఇక్కడి ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పెంటకుప్పని ఘుర్వా అంటారు, ఆ మాటతోనే పేర్లున్న ముసలివాళ్ళున్నారు. మృత్యువు గుమ్మంలోకి తొంగిచూసి, ఈ పెంటలోదాన్ని ఏం తీసుకెళ్తాంలే అని తిరిగిపోవాలి. అదీ ఉపాయం. చెవికి ఇంపుగా ఉందా లేదా అన్న ప్రశ్న ఆ తల్లికి తట్టనే తట్టదు. పిల్ల బతికితే చాలు.

మా అమ్మ పేరు కూడా అలాంటి కొలిమిలోంచి వచ్చిందే. అమ్మకి ముందు ఇద్దరు పోయారట. మూడో కాన్పుకి మా అమ్మమ్మ కొండకి మొక్కుకుంది. ఆడైనా మగైనా నీ పేరే అని. ఆడా మగా అందరికీ సరిపోయే పేరు కావడం అక్కడే పనికొచ్చింది, ముందుగానే మాట ఇచ్చేయడానికి వీలుగా. అంటే మా అమ్మ కడుపులో ఉండగానే సింహాచలం. ఆవిడకి ఎవరూ పేరు పెట్టలేదు, బాకీ తీర్చుకున్నారు. ఆ రోజుల్లో పేరు మీద ఇంటిల్లిపాదీ చీలిపోవడం ఎందుకు లేదో ఇప్పుడు తెలుస్తోంది. బాకీ తీర్చేటప్పుడు ఎవరి అభిరుచీ అడగరు. ఇవాళ మా అమ్మాయి అదే పేరుని, ఏ గండమూ లేకుండా, వందల పేర్లలోంచి ఏరి తీసుకుంటోంది. ఎంచుకున్నదాని మీద అందరికీ అభిప్రాయం ఉంటుంది. మొక్కు పేరుకి అప్పన్న జవాబుదారీ. ఎంచుకున్న పేరుకి కన్నవాళ్ళే పిల్లకి జవాబు చెప్పుకోవాలి, అదీ ఇరవై ఏళ్ళ తర్వాత.

మా అయ్య బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి 1958లో ఖలాసీగా భిలాయి వచ్చాడు. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగి అప్పటికి మూడేళ్ళు. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించిన కొన్ని వారాలకి అమ్మ, చంకలో మా అప్పని, అంటే అక్కని, వేసుకుని రాయ్‌పూర్ పాసింజరెక్కి వచ్చింది. అచలం అంటే కదలనిది. ఆ పేరున్న మనిషి మళ్ళీ కొండ నీడకి పోయి స్థిరపడలేదు. ముద్దుగా ‘చలం’ అని పిలుచుకుందామని అల్లుడు సలహా ఇచ్చాడు. తెలుగు రానివాడు, ఏం తీసేస్తున్నాడో తెలీదు. ముందున్న ‘అ’ పోతే కొండ కాస్తా కదిలిపోతుంది. పైగా తెలుగిళ్ళలో చలం అనే మాట పలికితే గుడిపాటి వెంకటచలం లేచొస్తాడు, ‘మైదానం’తో సహా. మా ఆవిడ అన్నయ్య అంతమాత్రానికే ముఖం చిట్లించాడు.

ఇక్కడ అమ్మ పేరు పడ్డ పాట్లు చెప్పాలి. వైద్యం పుస్తకంలో ఒక గుమాస్తా ఆవిణ్ణి మగవాడిగా రాశాడు. దిద్దించడానికి అయ్య మూడు పూటలు తిరిగాడు. చివరికి ఎవరో ఉపాయం చెప్పి ‘బాయి’ తగిలించారు. అలా మా అమ్మ కాగితాల మీద సింహాచలం బాయి అయింది. ఛత్తీస్‌గఢ్‌లో బాయి మర్యాద మాటే. గనియారీలో పుట్టి పండవానీ పాడి, మా స్టీల్ ప్లాంట్‌లోనే ఉద్యోగం చేసి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్ కూడా బాయే. కానీ మా అమ్మకి ఆ బాయి ఎవరో పక్కింటావిడలాగే ఉండేది. ఇంట్లో అయ్య “ఒలే” అనేవాడు. మేం అమ్మా అనేవాళ్ళం. పక్క క్వార్టర్లవాళ్ళు వట్టి బాయి అనేవారు. అంత మొక్కుకుని తెచ్చుకున్న పేరుతో ఆవిణ్ణి పిలిచినవాళ్ళు, పుట్టింటి వాళ్ళు పోయాక, ఇంచుమించు లేరు. కొండ మీద స్వామి కూడా ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే నిజరూపం.

మా అప్ప పేరు అప్పలనర్సమ్మ. ఇప్పుడు గాజువాకలో ఉంటుంది. ఆవిణ్ణి ఆ పేరుతో పిలిస్తే పలకదు. బడిలో పేరు పిలిచిన ప్రతిసారీ వెనక బెంచీలు ‘ఆపిల్, ఆపిల్’ అనేవట. ఒక మేష్టారు కూడా నవ్వారట. బోర్డు పరీక్ష ఫారం నింపే రోజున ఇంట్లో చెప్పకుండా సుజాత అని రాసేసుకుంది. 1959లో వచ్చిన బిమల్ రాయ్ సినిమాలో నూతన్ పేరది. తను భిలాయి వచ్చిన ఏడాదే వచ్చిన పేరు. అయ్య కొట్టాడు, అమ్మ ఏమీ అనలేదు.

వీడియో కాల్‌లో సంగతి చెప్పగానే అప్ప గొంతు మారిపోయింది.

“ఏట్రా, మతి గాని పోనాదా మీకు? నువ్వు పడ్డావేటి, నాను పడ్డాను. నీ కూతురికి అది సరదా. పూనాలో ఏసీ ఆఫీసులో కూకుని ఇంగ్లీషు మాటాడే పిల్ల ఏ పేరెట్టినా బాగుందంతారు. అదే పేరు మన పాచిపని అప్పలమ్మకుంటే?”

ఫోను పెట్టేసింది. నేను పడలేదని ఆవిడ అనుకుంటోంది. నేను అప్పలస్వామిని. కాలేజీలో చేరేటప్పుడు దాన్ని ‘ఎ.ఎస్.’గా కుదించి వెనక రావు తగిలించుకున్నాను. భిలాయిలో తెలుగువాడంటే ఎలాగూ రావ్ జీయే. రైలు మిల్లులో మా షిఫ్టులో నలుగురం రావులం ఉండేవాళ్ళం, మాలో ఇద్దరు పుట్టుకతో రావులు కారు. అప్ప ఎదురు తిరిగి మార్చుకుంది, నేను చప్పుడు కాకుండా దాక్కున్నాను. అంతే తేడా.

ఆవిడ చెప్పిన పాచిపని అప్పలమ్మ మాట నన్ను వదల్లేదు. దేవుడొక్కడే. కానీ నరసింహమూర్తి అంటే కుర్చీలో కూర్చున్న మనిషి కనిపిస్తాడు, అప్పలస్వామి అంటే మూట మోస్తున్న మనిషి కనిపిస్తాడు. మన సినిమాలు దీన్ని తరాల తరబడి చదును చేసిపెట్టాయి. నౌకరు పేరు, బంట్రోతు పేరు, నవ్వించేవాడి పేరు ఎక్కడి నుంచి తెస్తారో చూడండి. 2011లో ఒక సినిమా పేరులో ‘అప్పల్రాజు’ అని ఉంటే చాలు, హాస్యమని పోస్టరు చూడకుండానే జనానికి తెలిసిపోయింది. ఇంగ్లండులో ఫ్లోరెన్స్, ఎల్సీ లాంటి ముత్తవ్వల పేర్లు మళ్ళీ ఉయ్యాలల్లోకి వచ్చాయి. అక్కడా మధ్యలో రెండు తరాలు ఖాళీగా పోవాలి. అమ్మ పేరు పాతబడిపోయినట్టుంటుంది, అవ్వ పేరు ముసలి వాసనేస్తుంది, ముత్తవ్వ పేరుకి ఆ వాసన పోతుంది. మా అప్పకి ఆ పేర్లు ఇంకా ఒంటిమీది మచ్చలు. మా అమ్మాయికి అవి పెట్టెలో దొరికిన పట్టుచీర. ఇద్దరికీ ఒకటే గుడ్డ. నన్నడిగితే ఇద్దరిలో ఎవరిదీ తప్పని చెప్పలేను, కానీ అప్పకి నొప్పి తెలుసు, అమ్మాయికి తెలీదు. ఆ ఒక్క కారణానికి చాలా రోజులు నేను అప్ప వైపే ఉన్నాను.

ఒక విచిత్రం మాత్రం చెప్పాలి. ఇలాంటి పాత పేర్లే కొలిమికి పెడితే ఎవరికీ నవ్వు రాదు. బావ ఉద్యోగం చేసిన విశాఖ స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. మా దగ్గర 2018లో మొదలైన ఎనిమిదోదాని పేరు మహామాయ. రూర్కెలాలో పార్వతి, దుర్గ ఉన్నారు. “మహామాయ ఇవాళ ఎలా ఉంది?” అని షిఫ్టు మారేవాళ్ళు అడుగుతుంటే ఇంట్లో పెద్ద ముత్తయిదువ ఆరోగ్యం అడిగినట్టుంటుంది. వేల టన్నుల ఇనుము కరిగించేదానికి హన్విక అని పెట్టమని ఇప్పటిదాకా ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.

పంతొమ్మిదో రోజు రాత్రి మా అమ్మాయిని సూటిగా అడిగాను. ఎందుకమ్మా ఈ పేరే?

లేచి వంటింట్లోకి వెళ్ళి చెంబు తెచ్చింది.

స్టీలు చెంబు. భిలాయి ఉక్కుతో చెంబులు చెయ్యరు లెండి, మాది పట్టాలకీ ప్లేట్లకీ పోయే ఉక్కు. ఇది 1971లో బోనస్ డబ్బులతో అయ్య పవర్ హౌస్ బజార్లో కొన్నది. అప్పట్లో గిన్నె కొంటే పేరు కొట్టించందే ఇంటికి తెచ్చేవాళ్ళు కాదు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ గిన్నెలు ఇళ్ళు మారుతుంటాయి కదా. కొట్టినవాడికి తెలుగు రాదు. అయ్య చీటీ మీద రాసిస్తే, బొమ్మ చూసి బొమ్మ వేసినట్టు చిన్న ఉలితో చుక్కచుక్కగా పొడిచాడు. ‘సిం’లో సున్న కాస్త పైకెగిరింది. ‘హా’ దీర్ఘం కొమ్ములా వంకర తిరిగింది. చివరి సున్నకి చోటు చాలక అంచు మడత మీదకి ఎక్కించేశాడు. యాభై ఏళ్ళ తోముడుకి చుక్కలు నునుపెక్కినా వేలికి ఇంకా తగులుతాయి.

మా అమ్మ చదువుకోలేదు. క్వార్టరు కాగితాల మీద వేలిముద్ర వెయ్యాల్సి వచ్చిన రోజున సిగ్గుపడి, ఇంటికొచ్చి ఈ చెంబు ముందు పెట్టుకుని బలపంతో దిద్దుకుంది. ఆ వంకర దీర్ఘంతో సహా నేర్చుకుంది. ఆవిడ సంతకంలో కూడా మొదటి సున్న పైకే ఉండేది. నా కూతురు చదివింది హిందీ, ఇంగ్లీషు. సెక్టార్ల బళ్ళలో పెరిగిన చాలామంది మా పిల్లల్లాగే తెలుగు వింటుంది, మాట్లాడుతుంది, అక్షరం రాదు. సెలవుల్లో నాన్నమ్మ దాని చూపుడువేలు పట్టుకుని ఆ చుక్కల మీద నడిపించేదట. సి, సున్న, హా, చ, ల, సున్న. నాకిది తెలీదు. షిఫ్టుల్లో ఉండేవాణ్ణి.

“నాకు తెలుగులో చదవడం వచ్చిన మాట ఇదొక్కటే నాన్నా. నాన్నమ్మకీ ఇదొక్కటే” అంది.

దానికి నేనేమీ అనలేదు. నా ఉద్యోగంలోని పట్టాలు గుర్తొచ్చాయి. రైలు పట్టా నడుం మీద ఫ్యాక్టరీ పేరు, సైజు, గ్రేడు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. అవి ఎవరో తర్వాత అతికించినవి కావు. రోలు మీదే అక్షరాలు లోతుగా చెక్కి ఉంటాయి, ఎర్రగా కాలిన ఉక్కు ఆ రోళ్ళ మధ్య నలిగి వెళ్ళేటప్పుడే పొంగి లేస్తాయి. హీటు నంబరు వేరు, దాన్ని మళ్ళీ పొడుస్తారు. విజయనగరం ప్లాట్‌ఫారం మీద సమతా ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడినప్పుడు కిందకి వంగి చూసుకునే అలవాటు నాకుంది, మన భిలాయిదేనా అని. అమ్మ పేరు వేడిమీద లేచిన రకం. నాది తర్వాత పొడిచిన నంబరు. మనవరాలిది ఏ రకమో నాకు తేలలేదు. చల్లారిన పట్టాని మళ్ళీ కాల్చి అవే రోళ్ళలోకి పంపినట్టుందని ఒకసారి అనిపించింది. మా మిల్లులో అయితే అలా చెయ్యరు.

ప్రభుత్వం మాత్రం బంధువులకన్నా ఓపిక కలది. పుట్టుక ఇరవై ఒక్క రోజుల్లో నమోదు కావాలి గానీ పేరుకి అంత తొందర లేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చొచ్చు, రుసుము కట్టి పదిహేనేళ్ళ దాకా చేర్చొచ్చు. అయితే 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి బడికీ, మిగతా కాగితాలకీ ఆ జనన ధ్రువపత్రమే ఆధారం. నాకు బడిలో హెడ్మాస్టరు జులై ఒకటిన పుట్టినరోజు పెట్టారు, మా అప్ప తన పేరు తనే పెట్టుకుంది. ఈ పిల్లకి ఆ వెసులుబాటు అంత సులువుగా ఉండదు. ఈ మాట అమ్మాయికి చెప్పాను. “మార్చుకుంటానంటే నేనే దగ్గరుండి మార్పిస్తాను” అంది. అప్పటికి నేను ఉండను కాబట్టి రాసిపెడుతున్నాను.

ఇరవై ఒకటో రోజు ఉదయం సెక్టార్ 5 బాలాజీ గుడికి వెళ్ళొచ్చి పీటలు వేశాం. పేరు తండ్రి రాయాలి. అల్లుడికి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. హిందీలో రాసెయ్యమన్నారు కొందరు. మా అమ్మాయి చెంబు తెచ్చి పళ్ళెం పక్కన బోర్లించింది. అతను ఉంగరం పట్టుకుని, చెంబు వైపోసారి బియ్యం వైపోసారి చూసుకుంటూ, బొమ్మ చూసి బొమ్మ వేసినట్టు రాశాడు. ‘హా’ దగ్గర వియ్యపురాలు కూడా వంగి, కొమ్ము ఇటు తిప్పమని చెప్పింది. మొదటి సున్న పైకెగిరింది. చివరి సున్నకి బియ్యంలో చోటు చాల్లేదు, పళ్ళెం అంచు మీదకెక్కింది.

గాజువాక నుంచి అప్ప రాలేదు. దుర్గ్ వందేభారత్‌లో ఎక్కితే ఎనిమిది గంటల ప్రయాణం, మోకాళ్ళు నొప్పులంది. ఒక గౌను, వెండి మొలతాడు పంపింది. పైన చీటీ మీద ‘పాపకి’ అని ఉంది.

నెల దాటింది. వియ్యపురాలు మోంగ్రా అంటోంది, మల్లెపువ్వు. నేను ఇంకా పేరు పెట్టి పిలవలేదు. రెండుసార్లు ఎవరూ లేనప్పుడు నోరు తెరిచాను, అమ్మని పేరు పెట్టి పిలుస్తున్నట్టయి ఆగిపోయాను. రాత్రి రెండింటికి పిల్ల ఏడుస్తుంది. మా ఆవిడే ముందు లేస్తుంది. చీకట్లో ఉయ్యాల గొలుసు చప్పుడు, ఆ వెనకే ఆవిడ గొంతు:

“ఉండత్తా, ఉండు. మీ అమ్మని లేపుతున్నా.”